తప్పు అని చెప్పిన గొంతు

నేను పనిచేసిన బడి మూతపడ్డాక దాదాపు ఏడాది ఇంట్లోనే ఉన్నాను. నరసరావుపేటలో ఒక చిన్న ప్రైవేటు బడి అది. పద్దెనిమిదేళ్ళు అక్కడ ఒకటి నుంచి ఐదో తరగతి దాకా తెలుగు చెప్పాను. కరోనా తర్వాత పిల్లలు తగ్గిపోయారు, యాజమాన్యం చేతులెత్తేసింది. యాభై దాటిన మనిషిని, అందులోనూ మోకాళ్ళు పట్టేసిన మనిషిని, కొత్తగా ఎవరూ పనిలోకి పిలవరు. నేనూ ఎవర్నీ అడగలేదు. పొద్దున వంట, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం మళ్ళీ వంట. అలా అలవాటైపోయింది.

అప్పుడు ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ ఇంటికొచ్చింది. నా దగ్గర ఐదో తరగతి చదివిందట. ముఖం చూస్తే గుర్తు రాలేదు గాని, నవ్వితే గుర్తొచ్చింది. ఇంజినీరింగ్ చేసి, హైదరాబాదులో కొన్నేళ్ళు ఉద్యోగం చేసి, ఇక్కడికే తిరిగొచ్చి ఇద్దరు స్నేహితులతో కలిసి మందుల షాపు పైన రెండు గదుల్లో సాఫ్ట్‌వేర్ ఆఫీసు పెట్టుకుంది. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళకి పని అప్పగించింది. బడి మొహం చూడని పెద్దవాళ్ళకి, ముఖ్యంగా ఆడవాళ్ళకి, చదవడం నేర్పే సాఫ్ట్‌వేర్ తయారుచెయ్యాలి. ట్యాబ్‌లో అక్షరాలు కనిపిస్తాయి, గొంతు వినిపిస్తుంది, వేలితో నొక్కుతూ నేర్చుకుంటారు. పాఠాలు రాయడానికీ, గొంతు ఇవ్వడానికీ తెలుగు చెప్పిన మనిషి కావాలి. "మీరు గుర్తొచ్చారు మేడం. మీ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది" అంది. పొగిడిందనుకున్నాను.

పాఠాలు రాయడం నాకు కొత్త కాదు. అ, ఆ, ఇ, ఈ దగ్గర మొదలుపెట్టి, పిల్లలకు చెప్పిన వరసలోనే రాసుకుంటూ పోయాను. గొంతు ఇవ్వడమే కష్టమైంది. ఆఫీసు లోపలి గదిలో గోడలకి బొంతలు వేలాడదీశారు, బయటి చప్పుడు లోపలికి రాకుండా. ఫ్యాను వేస్తే దాని మోత వినిపిస్తుందని ఆపేసేవాళ్ళు. చెమట కారుతుంటే మైకు ముందు కూర్చుని, "'మ' అక్షరాన్ని నొక్కండి", "శభాష్", "తప్పు, మళ్ళీ ప్రయత్నించండి" అని ఒక్కో మాటా పదిసార్లు చెప్పాను. 'తప్పు' అన్న మాట ఆ అమ్మాయికి మొదట నచ్చలేదు. మరీ మెత్తగా ఉందంది. క్లాసులో చెప్పినట్టు కాస్త గట్టిగా చెప్పమంది. క్లాసులో చెప్పినట్టే చెప్పాను. అందరూ బాగుందన్నారు.

సాఫ్ట్‌వేర్ తయారయ్యాక, ముందు ఒక ఊళ్ళో వాడి చూద్దామని రెంటచింతల ఎంచుకున్నారు. అక్కడ మిరప పనికి వెళ్ళే ఆడవాళ్ళు ఎక్కువ. వారానికి మూడు రోజులు వెళ్ళి వాళ్ళను కూర్చోబెట్టి నేర్పే పని కూడా నా మీదే పడింది. నరసరావుపేటలో మాచర్ల బస్సు ఎక్కి, పిడుగురాళ్ళ, గురజాల దాటుకుని రెండు గంటల పైన ప్రయాణం. నాలుగింటికల్లా ఊళ్ళో దిగితే, ఐదింటికి వాళ్ళు చేలనుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని తరగతికి వచ్చేవాళ్ళు. తిరుగు బస్సులో సీటు దొరికితే దొరికినట్టు, లేకపోతే గురజాల దాకా నిలబడటం. ఇంటికి చేరాక అన్నం తినే ఓపిక ఉండేది కాదు.

మొదటి వారంలోనే మా లెక్క తప్పింది. సోమ, బుధ, శుక్రవారాలని మేం ఆఫీసులో కూర్చుని నిర్ణయించుకున్నాం. శుక్రవారం వెళ్తే ఒక్కరూ రాలేదు. ఈస్టర్‌కి ముందు వచ్చే తపస్సు కాలం నడుస్తోంది. శుక్రవారం సాయంత్రం అందరూ గుడిలో సిలువ మార్గం ప్రార్థనకి వెళ్తారు. ఆ ఊళ్ళో చర్చిని గుడి అనే అంటారు. ఆ సంగతి అడిగితే ఎవరైనా చెప్పేవాళ్ళు. మేం అడగలేదు. నేను ఎండలో ఖాళీ వరండాలో గంటసేపు కూర్చుని వచ్చేశాను.

తరగతి జరిగేది ఒక పాత ఇంటి వరండాలో. నాపరాళ్ళు పరిచిన నేల. పగలంతా కాగిన రాళ్ళు సాయంత్రం వేడిని వదులుతుంటే కింద కూర్చోవడానికి గోనె పట్టాలు వేసుకునేవాళ్ళం. పన్నెండుమంది వచ్చేవాళ్ళు. వాళ్ళందరినీ తీసుకొచ్చింది ఒక్క మనిషి. ఆమెను ఊళ్ళో మేస్త్రమ్మ అంటారు. వయసు నలభై ఐదు దాకా ఉంటుంది. కూలి ముఠాకి పెద్ద. ఏ చేనుకి ఎంతమంది కావాలో రైతులు ఆమెకే ఫోన్ చేస్తారు. ఎవరు ఏ రోజు ఎక్కడికి వెళ్ళారో, ఎవరికి జ్వరమొచ్చిందో, ఎవరికి ఏ రైతుతో పడదో అంతా ఆమె నోటిమీదే ఉంటుంది. ఆమె లేవమంటే లేస్తారు, కూర్చోమంటే కూర్చుంటారు. చదువు నేర్చుకుందాం రమ్మంటే కూడా అలాగే వచ్చారు.

మొదటి రెండు పాఠాలు బాగానే నడిచాయి. అవి వినడం, చూడటం మాత్రమే. మూడో పాఠంలో మూడు అక్షరాలు కనిపిస్తాయి, మ, వ, య. నా గొంతు 'మ' అక్షరాన్ని నొక్కమంటుంది. సరిగ్గా నొక్కితే చప్పట్లు, లేకపోతే 'తప్పు'. ట్యాబులు నాలుగే ఉన్నాయి కాబట్టి ఒకరు నొక్కుతుంటే మిగతావాళ్ళు చుట్టూ చేరి చూసేవాళ్ళు. ముందుగా మేస్త్రమ్మ చేతికే ఇచ్చాను. ఆమె కాసేపు చూసి, బొటనవేలు చీరకొంగుకి తుడుచుకుని నొక్కింది.

"తప్పు, మళ్ళీ ప్రయత్నించండి" అంది నా గొంతు.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ తప్పు. మూడోసారి కూడా అంతే. నేను అవతలి ట్యాబ్ దగ్గర ఉన్నాను, చూడలేదు. పక్కనున్న వాళ్ళు నవ్వడం మాత్రం విన్నాను. చెడ్డ నవ్వేం కాదు, తోటివాళ్ళు నవ్వుకునే నవ్వే. మేస్త్రమ్మ ట్యాబ్ కింద పెట్టి, గేదెకి నీళ్ళు పెట్టాలంటూ లేచి వెళ్ళింది.

తర్వాతి తరగతికి ఆమె రాలేదు. ఆ తర్వాతి దానికీ రాలేదు. ఆమె రాకపోయేసరికి పన్నెండుమంది ఏడుగురయ్యారు, ఏడుగురు నలుగురయ్యారు. ప్రతిసారీ నేను ఆఫీసుకి పంపే కాగితంలో 'అభ్యాసకులకు ఆసక్తి తక్కువ' అని రాశాను. ఆ మాట ఎలా రాశానో ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. బడిలో ఉన్నప్పుడు కూడా ప్రోగ్రెస్ కార్డుల మీద ఇలాంటి మాటలు ఎన్నో రాశాను. అలవాటైన చెయ్యి, దానంతట అదే రాసేసింది.

ఆఫీసులో అమ్మాయి కంప్యూటర్లో ఒక గీత చూపించింది. ఎవరు ఏ పాఠం దాకా వచ్చారో ఆ గీత చెబుతుంది. మూడో పాఠం దగ్గర గీత నూతిలో పడ్డట్టు పడిపోయింది. వాళ్ళకి హుషారు తెప్పించాలి, చప్పట్లు పెంచుదాం, నక్షత్రాలు పెడదాం, బెలూన్లు ఎగిరేలా చేద్దాం అని వాళ్ళు ముగ్గురూ మాట్లాడుకున్నారు. నేను ఒక మూల కూర్చుని విన్నాను. నాకేమీ తోచలేదు. ఎండకి తల నొస్తోంది. మానేద్దామా అని కూడా అనుకున్నాను.

మరుసటి వారం ముగ్గురే వచ్చారు. వాళ్ళనీ తొందరగా పంపించేసి, బస్సుకి ఇంకా టైముందని మేస్త్రమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె గేదెకి కుడితి పెడుతోంది. నన్ను చూసి నులక మంచం వాల్చి, చెంబుతో నీళ్ళిచ్చింది. మర్యాదకి లోటు చెయ్యలేదు గాని ముఖంలో ముందరి కళ లేదు. తరగతికి ఎందుకు రావడం లేదని అడిగితే, కోతలు అయిపోవచ్చాయని, కల్లంలో కాయలు ఏరే పని ఉందని, ఒళ్ళు నొప్పులని ఏవేవో చెప్పింది. నువ్వు రాకపోతే మిగతావాళ్ళు కూడా రావడం లేదమ్మా అన్నాను. ఆమె కుడితి బకెట్టు పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"ఆ పలకలో తప్పు తప్పు అనేది నువ్వే గదా టీచరమ్మా?"

నేను చెంబు కింద పెట్టాను.

"గొంతు అదేలే, నాకు తెలుసు. నేను మ మీదనే నొక్కినా. సున్నాకి తోకున్నట్టు ఉండేది వ, ఆ పక్కన ఇంకో కొమ్ముండేది మ. నువ్వు చెప్పిందే. అదే నొక్కినా. ముఠా అందరి ముందర తప్పన్నావు. ఒక తూరి కాదు, మూడు తూర్లు. నా కింద పనిజేసే పిల్లలు నవ్వినారు. రైతు గూడా నన్ను అట్లా అనడు."

నా సంచిలో ట్యాబ్ ఉంది. తీసి మూడో పాఠం పెట్టి, ఎలా నొక్కావో చూపించమని అడిగాను. ఆమె వద్దంది. బతిమాలాను. చివరికి మంచం మీద నా పక్కన కూర్చుంది. బొటనవేలు కొంగుకి తుడుచుకుంది. 'మ' మీద వేలు పెట్టింది. సరిగ్గా 'మ' మీదే. పెట్టి, అలాగే అదిమి పట్టుకుంది. వేలి గోరు తెల్లబడేంత గట్టిగా. అలా పట్టుకునే ఉంది. ట్యాబ్ కాసేపు చూసి, నా గొంతుతో తప్పు అంది. అప్పటికీ ఆమె వేలు తియ్యలేదు.

"వేలు తియ్యవేమమ్మా?" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. "తియ్యొచ్చా? వేలిముద్ర ఏసేటప్పుడు వాళ్ళు చాలు అనేదాకా తియ్యకూడదు గదా. ముందే తీస్తే సరిగ్గా పడలేదని మళ్ళీ ఏపిస్తారు. నువ్వు గూడా నొక్కమంటివి. నొక్కినా."

ఆ మాట రాసింది నేనే. 'నొక్కండి' అని. ట్యాబ్‌కి నొక్కడం అంటే తాకి వదలడం, వదలకపోతే కాసేపటికి తప్పు అంటుంది. ఆమె జీవితంలో నొక్కడం అంటే ఒకటే. సిరా బిళ్ళ మీద, కాగితం మీద, రేషన్ మిషన్ మీద. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని అదిమి, చాలు అన్నాక వదలడం. అందరికన్నా తెలివైన మనిషి, చెప్పింది చెప్పినట్టు చేసి, సరైన అక్షరాన్నే ఎంచుకుని, తప్పు అనిపించుకుంది. అనిపించింది నేను. అది తప్పు కాదమ్మా, నువ్వు సరిగ్గానే చేశావు, తప్పు మాదే అని చెప్పాను. ఆమె నమ్మినట్టు లేదు. బస్సుకి టైమైందని గుర్తుచేసింది.

మరునాడు ఆఫీసులో ఈ సంగతి చెబితే అమ్మాయి మొదట ఒప్పుకోలేదు. ఐదేళ్ళ పిల్లలు కూడా ఫోన్ మీద వేలు ఆడిస్తున్నారు మేడం, ఇందులో ఏముంది అంది. నేను వాదించలేదు, ఓపిక లేదు. ఒక్క సాయంత్రం నాతో రమ్మన్నాను. నోరు విప్పకూడదు, ఎవరికీ సాయం చెయ్యకూడదు, ఊరికే చూడాలి అన్నాను. వచ్చింది.

మేస్త్రమ్మను ఎలా ఒప్పించానో నాకే తెలియదు. ఆఫీసు నుంచి మనిషి వచ్చింది, ఆ యంత్రం తప్పు ఆమెకి చూపించాలి, నువ్వు తప్ప ఎవరూ చూపించలేరు అన్నాను. ఆ మాట పనిచేసింది. ఆమె వచ్చింది, వెంట ఎనిమిదిమంది వచ్చారు.

ఆ రోజు రెంటచింతల ఎండ సంగతి చెప్పక్కర్లేదు. తరగతి మొదలుపెట్టిన పావుగంటకే ఒక ట్యాబ్ వేడెక్కి ఆగిపోయింది. కాసేపటికి రెండోది. అమ్మాయి కంగారుపడింది. ఒకామె లోపలికి వెళ్ళి తడిగుడ్డ పిండి తెచ్చి, ట్యాబ్ వెనక్కి ఆనించి పట్టుకుంది. అది మళ్ళీ వెలిగింది. అప్పట్నుంచి ఆ తరగతిలో ఒకరి పని అదే, తడిగుడ్డ మార్చడం.

అమ్మాయి గోడకి ఆనుకుని కూర్చుని చూసింది. మిరపకాయ మంటకి వాళ్ళు చేతులకి కొబ్బరినూనె రాసుకుని వస్తారని, ఆ నూనెతో అద్దం మీద వేలు జారుతుందని చూసింది. పగిలిన వేళ్ళని ట్యాబ్ ఒక్కోసారి అసలు గుర్తించకపోవడం చూసింది. ఒకామె ట్యాబ్‌ని చెయ్యి బారున దూరంగా పట్టుకుంటే ఎందుకని నన్ను కళ్ళతో అడిగింది. చత్వారం అన్నాను. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్లకి ఆ మాట తెలియదు. నలభై దాటితే దగ్గర అక్షరాలు కనపడవని చెప్పాను. మేం పెట్టిన అక్షరాలు మాకు కనపడేంత పరిమాణంలో ఉన్నాయి. తిరుగు బస్సులో ఆ అమ్మాయి పిడుగురాళ్ళ దాకా కిటికీకి తల ఆనించుకుని కూర్చుంది. తర్వాత, "నెల రోజుల నుంచి నేను గీత చూస్తున్నాను మేడం, మనుషుల్ని చూడలేదు" అంది.

ఆ తర్వాత రెండు వారాలు ఆఫీసులో ముగ్గురూ పగలంతా దాని మీదే కూర్చున్నారు. వేలు ఆనగానే లెక్కలోకి తీసుకునేలా మార్చారు, ఎంతసేపు పట్టుకున్నా ఫర్వాలేదు. వేలు తియ్యడానికి పెట్టిన గడువు తీసేశారు. అక్షరాలు అరచేయంత చేశారు. నక్షత్రాలూ చప్పట్లూ పోయాయి. వాటికి ఆడవాళ్ళు సిగ్గుపడేవాళ్ళు, పక్కింట్లో మగవాళ్ళకి వినపడుతుందని. 'అ అమ్మ, ఆ ఆవు' కూడా తీసేశాం. వాళ్ళకి మాచర్ల బస్సు బోర్డు ఆకారం తెలుసు, చదవడం రాకపోయినా పొరబాటున వేరే బస్సు ఎక్కరు. కాబట్టి మాచర్ల నుంచే మొదలుపెట్టి, అందులోంచి మా, చ, ర విడదీసి, వాటితో వేరే మాటలు కట్టుకుంటూ వెళ్ళాం. 'ర్ల' దగ్గర వత్తు ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు తల పట్టుకున్నాను. చివరికి, అది మొదటి రోజే చెప్పక్కర్లేదు, బొమ్మలాగే ఉండనిద్దాం అనుకున్నాం.

ఇక 'తప్పు'. ఆ మాట పూర్తిగా తీసేశాం. వేరే అక్షరం తాకితే, ఆ అక్షరం తన పేరు తాను చెప్పుకుంటుంది, అంతే. కొత్త మాటలు రాసుకుని మేస్త్రమ్మకి వినిపించాను. ఆమె విని, ఇది పుస్తకంలో మాట అంది. మరి ఎలా చెప్పాలని అడిగితే చేలో కొత్త పిల్లకి పని నేర్పేటప్పుడు ఎలా చెబుతుందో అలా చెప్పింది. "ఇది వ అంట. మ యాడుందో ఇంకో తూరి చూడు. తొందరేం లేదులే." వెంట వచ్చిన అమ్మాయీ నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

గొంతు ఆమెదే పెడదామన్న ఆలోచన ఎవరిదో ఇప్పుడు గుర్తులేదు. ఒక ఆదివారం పూజ అయ్యాక ఆమె కొత్త చీర కట్టుకుని బస్సులో నరసరావుపేట వచ్చింది. బొంతల గదిలోకి తీసుకెళ్ళి మైకు ముందు కూర్చోబెడితే ఒక్క మాట రాలేదు. ముఠాని అంతా నడిపే మనిషి, చెమటలు కారుతూ గోడ వైపు చూస్తూ కూర్చుంది. ఎదురుగా మనిషి లేకుండా ఎవరితో మాట్లాడాలి అంది. దాంతో నేనే మైకు అవతల కూర్చున్నాను, చదువు రానిదానిలా. ఆమె నాకు నేర్పింది. "చానా బాగా జెప్పినావు", "ఇదేంది, ఇప్పుడేగా చూసినాం", "అలిసిపోతే రేపు చూసుకుందాంలే" అని. ఆ ఆఖరి మాట నేను రాసివ్వలేదు. నా ముఖం చూసి అందేమో. అదీ రికార్డు అయింది, అమ్మాయి అలాగే ఉంచేసింది.

తరగతి మళ్ళీ నిండింది. పన్నెండుమందీ వచ్చారు. పలకలో తమ మేస్త్రమ్మ గొంతు వినగానే మొదటి రోజు అందరూ పడీ పడీ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. రెండో రోజుకి అలవాటైపోయింది. గొప్పగా ఏమీ జరగలేదు. కొందరు నెల తిరిగినా నాలుగు అక్షరాలు దాటలేదు. ముగ్గురు మాత్రం కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టారు. మేస్త్రమ్మ పురుగుమందు డబ్బా మీద పేరు చదివి, రైతుతో ఇది మొన్నటిది కాదు అని చెప్పిందట. ఆ సంగతి నాకు ఆమె చెప్పలేదు, వేరేవాళ్ళు చెప్పారు. ఆ రెండు నెలలు బస్సులో నాకు పెద్దగా అలసట తెలియలేదు. అంతకుముందూ ఆ తర్వాతా తెలిసింది.

తర్వాత సంస్థ నుంచి పరిశీలనకు ఒకాయన వచ్చాడు. చదువుకున్నాయన, మర్యాదస్తుడు. ఆఫీసులో కూర్చుని పాఠాలన్నీ విన్నాడు. రెంటచింతల రమ్మని అడిగాం, వేరే జిల్లాకి వెళ్ళాలన్నాడు. పద్ధతి బాగుంది గాని భాష బాగోలేదన్నాడు. ఇది రాష్ట్రమంతా వెళ్ళాల్సింది, యాస ఉండకూడదు, నేర్చుకునేవాళ్ళు మొదటే అశుద్ధమైన మాట వింటే ఎలా అన్నాడు. ఆ గొంతు తీసేసి యంత్రం గొంతు పెట్టమన్నాడు. ఇప్పుడు కంప్యూటరే తెలుగు చదువుతోంది కదా, మనిషితో పని లేదు.

అమ్మాయి రెండుసార్లు ఉత్తరాలు రాసింది. ఆ గొంతు వల్లే వాళ్ళు వస్తున్నారని గీత కూడా పంపింది. జవాబు మారలేదు. ఆఫీసులో మా నలుగురి జీతాలు ఆ పని మీదే నడుస్తున్నాయి. ఒకరోజు తలుపు దగ్గర నిలబడి, "నాకు ఓపిక లేదు మేడం, మార్చేస్తున్నాను" అంది. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "చిన్నప్పుడు నేను ఏంది అంటే మీరు నిలబెట్టేవాళ్ళు గుర్తుందా? ఏంది కాదు, ఏమిటి అని నాతో పదిసార్లు అనిపించారు" అంది. ఎత్తిపొడుపుగా అనలేదు. ఊరికే గుర్తొచ్చి అంది. నాకు మాత్రం ఆ మాట ఆయన మాటకన్నా బరువుగా తగిలింది. నేను అలా నిలబెట్టిన పిల్లలు ఎంతమందో.

కొత్త గొంతు ఉన్న ట్యాబులు తీసుకుని రెంటచింతల వెళ్ళేటప్పుడు, ఏం చెప్పాలో బస్సంతా ఆలోచించాను. ఏదీ కుదరలేదు. వరండాలో పట్టాలు పరిచి, ట్యాబ్ వెలిగించగానే ఎవరిదో కాని నున్నటి ఆడగొంతు, "దయచేసి సరైన అక్షరాన్ని తాకండి" అంది. ఆడవాళ్ళు మేస్త్రమ్మ వైపు చూశారు. ఆమె నా వైపు చూసింది. పైవాళ్ళు మార్చమన్నారని చెప్పాను.

"నేనేమన్నా తప్పు జెప్పినానా టీచరమ్మా?" అంది.

లేదన్నాను. చాలా బాగా చెప్పావు, వాళ్ళకి అర్థం కాలేదు అన్నాను. ఆమె తల ఊపి, ట్యాబ్ పక్కనామె చేతికి ఇచ్చింది. లేచి వెళ్ళిపోలేదు. తరగతి అయ్యేదాకా కూర్చుంది. యంత్రం చెప్పినదాన్ని తన మాటల్లోకి మార్చి, పక్కవాళ్ళకి నెమ్మదిగా చెబుతూ ఉంది. నేను ఆ సాయంత్రం ఒక్క పాఠం కూడా చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు, మనసూ లేదు.

వానలు మొదలయ్యాక ఈ ఊరి వంతు అయిపోయిందన్నారు. ట్యాబులు వేరే జిల్లాకి పంపాలి. వెనక్కి తీసుకోవడానికి వెళ్ళినప్పుడు అమ్మాయి కూడా వచ్చింది. తడిగుడ్డల వల్ల ఒకదాని వెనక పెంకు రంగు పోయింది. నేను సంచిలో సర్దుతుంటే, అమ్మాయి మేస్త్రమ్మ కోడలి ఫోన్ అడిగి తీసుకుని, వరండా చివర కూర్చుని ఏదో చేస్తోంది. ఇంకో ఇద్దరి ఫోన్లు కూడా అడిగింది. ఏం చేస్తున్నావని అడిగితే, మేస్త్రమ్మ గొంతు ఉన్న పాతది ఎక్కిస్తున్నాను, ఎవరికీ చెప్పకండి అంది.

మళ్ళీ ఒకటి రెండుసార్లు నా అంతట నేనే వెళ్ళాను. తర్వాత మోకాలికి ఇంజెక్షన్లు వేశారు, బస్సు మెట్లు ఎక్కొద్దన్నారు. ఆఫీసు పని కూడా ఇప్పుడు ఇంటికే వస్తుంది. కంప్యూటర్ చదివిన వాక్యాల్లో తేడాలు పట్టి పంపడం. మంచం మీద దిండు వేసుకుని, ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని వింటాను. రోజుకి వందలు వింటాను, ఒక్కటీ గుర్తుండదు.

మొన్న సాయంత్రం మేస్త్రమ్మ ఫోన్ చేసింది. కోడలి ఫోన్‌లో పై వీధి ఆడవాళ్ళు కూడా చూస్తున్నారట, ఐదుగురు. వాళ్ళకి వత్తుల దగ్గర కష్టంగా ఉందట. "ఒక్క తూరి వచ్చి చెప్పి పోరాదా అక్కా" అంది. ఎప్పట్నుంచి అక్క అయ్యానో నేను గమనించలేదు. రాలేనమ్మా, మెట్లు ఎక్కలేకపోతున్నాను అని చెప్పాను. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, అది దించడానికి లేవడమే కష్టంగా ఉంది ఆ రోజు.

అవతల కాసేపు గేదె అరుపు, ఎవరో బకెట్టు పెట్టిన చప్పుడు వినిపించాయి.

"సర్లే, నాకొచ్చిన కాడికి నేను చూస్తాలే" అంది. "నువ్వు పడుకో."